కొలతలు తీసేసి ర్యాంకులు పెట్టొచ్చా? మిరప తామర పురుగుల లెక్కల మీద ఒక సమాధానం

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు తెలియాలి కదా. మిరపలో నల్ల తామర పురుగు మీద ఎమ్మెస్సీ థీసిస్. మూడు మిరప రకాలు, నాలుగు ట్రీట్‌మెంట్లు (మూడు మందులు, మందు కొట్టని ఒక కంట్రోల్), మూడు రెప్లికేషన్లతో (ప్రతిదీ మూడుసార్లు) ఆర్‌బీడీ, అంటే పొలాన్ని బ్లాకులుగా విడగొట్టి ఒక్కో బ్లాకులో ట్రీట్‌మెంట్లను యాదృచ్ఛికంగా కేటాయించే డిజైన్. మొత్తం 36 ప్లాట్లు. ఒక్కో ప్లాటులో పది మొక్కలు, మొక్కకు ఐదు పూలు, పూవుకు ఎన్ని పురుగులున్నాయో లెక్క. చాలా పూలలో సున్నా, కొన్నింటిలో ముప్ఫై, నలభై. నార్మాలిటీ టెస్టు (లెక్కలు గంట ఆకారంలో పరుచుకున్నాయా అని చూసేది) ఫెయిలైంది. సీనియర్ ఒకరు "విలువలు తీసేసి ర్యాంకులు పెట్టి టూ-వే అనోవా రన్ చెయ్యి, ఎవరూ అడగరు" అన్నారు (అనోవా అంటే గ్రూపుల సగటుల మధ్య తేడా నిజమైనదా అని చూసే పరీక్ష; టూ-వే అంటే రకాన్నీ మందునూ కలిపి చూడటం). గైడ్ గారేమో "లెక్కకు 0.5 కలిపి వర్గమూలం తీస్తే చాలు" అన్నారు. వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది, ఎవరి మాట వినాలి అని మీరు అడిగారు.

సూటిగా చెప్తాను. ర్యాంకులు మంచి పనిముట్టే. కానీ మీ సీనియర్ చెప్పిన చోట, అంటే రకానికీ మందుకీ మధ్య ఇంటరాక్షన్ ఉందా (రకాన్ని బట్టి మందు ప్రభావం మారుతుందా) అని చూసే చోట, అది పనికిరాదు. మీ గైడ్ గారి మాట తప్పు కాదు, పాత పద్ధతి. ఈ రెండింటికన్నా మీ లెక్కలకు సరిపోయే దారి ఇంకొకటి ఉంది, చివర్లో చెప్తాను. అయితే ఎందుకో తెలియకుండా దారి మారిస్తే వైవాలో మళ్లీ అదే టెన్షన్. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ర్యాంకుల పద్ధతి మీ సబ్జెక్టులోంచే వచ్చిందని చాలామంది ఎంటమాలజీ విద్యార్థులకు తెలియదు. ఫ్రాంక్ విల్కాక్సన్ వృత్తిరీత్యా రసాయన శాస్త్రవేత్త. బాయిస్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్‌లో శిలీంధ్రనాశకాల మీద ఏళ్ల తరబడి పనిచేసి, తర్వాత అమెరికన్ సైనమిడ్ కంపెనీకి వెళ్లాడు. 1945లో బయోమెట్రిక్స్ బులెటిన్‌లో ఆయన రాసిన నాలుగు పేజీల వ్యాసంలోనే ఈ రోజు మనం వాడే రెండు టెస్టులూ ఉన్నాయి. ఒకటి ర్యాంక్-సమ్ (రెండు విడి గ్రూపులకు), రెండోది సైన్డ్ ర్యాంక్ (జతలకు). అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణ ఈగల మందు. రెండు తయారీలు, ఒక్కోదానికి ఎనిమిది పరీక్షలు, ప్రతిసారీ చచ్చిన ఈగల శాతం:

ఎ మందు: 68, 68, 59, 72, 64, 67, 70, 74
బి మందు: 60, 67, 61, 62, 67, 63, 56, 58

కాగితం, పెన్ను తీసుకుని ఒక్కసారి చేత్తో చేయండి. సాఫ్ట్‌వేర్‌లో వంద సార్లు నొక్కినా రాని అవగాహన దీంతో వస్తుంది. పదహారు అంకెలనూ ఒకే వరుసలో చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చండి. 56కి 1, 58కి 2, 59కి 3, అలా. 67 మూడుసార్లు వచ్చింది. వాటి స్థానాలు 9, 10, 11 కాబట్టి మూడింటికీ సగటు 10 ఇవ్వండి. 68 రెండుసార్లు వచ్చింది, ఒక్కోదానికి 12.5. ఇప్పుడు ఎ ర్యాంకులు కూడితే 91, బి ర్యాంకులు కూడితే 45. రెండూ కలిపి 136, అంటే 1 నుంచి 16 వరకు మొత్తం. సరిపోయింది.

మందుల మధ్య తేడా ఏమీ లేకపోతే చెరో 68 దగ్గర్లో రావాలి. 45కి దిగడం ఎంత అరుదో లెక్కేస్తే పి-వాల్యూ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) సుమారు 0.015. అసలు విలువలతో మామూలు టి-టెస్ట్ (సగటులను పోల్చేది) చేసినా సుమారు 0.015 వస్తుంది. డేటా శుభ్రంగా ఉన్నప్పుడు రెండు దారులూ ఒకే ఊరికి చేరతాయి.

ఇప్పుడు ఎ వరుసలో చివరి 74ను 99గా మార్చండి. అంటే ఆ ఒక్క పరీక్షలో మందు ఇంకా బాగా పనిచేసిందనుకుందాం. ఎ సగటు 67.75 నుంచి సుమారు 70.9కి పెరిగింది. బి సగటుతో తేడా 6 నుంచి 9 దాటింది. మందు మెరుగైంది కాబట్టి పి-వాల్యూ ఇంకా తగ్గాలి అనుకుంటాం. టి-టెస్ట్ చేసి చూడండి: 0.015 కాస్తా సుమారు 0.06 అయింది! తేడా పెరిగింది, కానీ ఆ ఒక్క 99 వల్ల వేరియన్స్ (విలువల చెదురుదనం) అంతకుమించి ఉబ్బిపోయింది. ర్యాంకుల్లో ఏం జరిగింది? ఏమీ జరగలేదు. 74కి 16వ ర్యాంకు, 99కీ 16వ ర్యాంకే. ఫలితం కదల్లేదు.

ర్యాంకుల బలం మొత్తం ఇక్కడే కనిపిస్తుంది. ఒక విలువ ఎంత దూరంలో ఉందన్నది పట్టించుకోదు, ఎవరి తర్వాత ఎవరన్నదే చూస్తుంది. అందుకే అంకెలకు లాగ్ తీసినా, వర్గమూలం తీసినా ర్యాంక్-సమ్ టెస్ట్ జవాబు ఒకటే. "లాగా, వర్గమూలమా" అనే గొడవే ఉండదు.

దీనికి చెల్లించే మూల్యం ఎక్కువేమో అని చాలామందికి భయం. నిజానికి అది ఆశ్చర్యపోయేంత తక్కువ. డేటా పూర్తిగా నార్మల్ అయినప్పుడు కూడా, పెద్ద శాంపిళ్లలో, టి-టెస్ట్‌తో పోలిస్తే విల్కాక్సన్ టెస్ట్ సామర్థ్యం 3 బై పై, అంటే సుమారు 0.955. టి-టెస్ట్‌కు 95 ప్లాట్లు కావలసిన చోట దీనికి 100 కావాలన్నమాట. డేటా ఏ ఆకారంలో ఉన్నా, రెండు గ్రూపులూ ఒకే ఆకారంతో పక్కకు జరిగి ఉన్నంతవరకు, ఈ సామర్థ్యం 0.864 కన్నా దిగదని గణాంక శాస్త్రవేత్తలు హాడ్జెస్, లేమన్ 1956లో నిరూపించారు. పైవైపు మాత్రం హద్దు లేదు; తోకలు బరువుగా ఉన్న డేటాలో ర్యాంకులు టి-టెస్ట్‌ను చాలా వెనక్కి నెట్టేస్తాయి. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, "నాన్-పారామెట్రిక్ అంటే బలహీనం" అని ఎవరైనా అంటే నిమ్మళంగా జవాబివ్వొచ్చు.

నేను స్వయంగా ర్యాంకుల వైపు వెళ్లే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఆకు ముడత తీవ్రతకు 0 నుంచి 4 వరకు స్కోరు ఇస్తాం. 1కీ 2కీ మధ్య ఉన్న తేడా, 3కీ 4కీ మధ్య ఉన్న తేడా సమానమని ఎవరూ చెప్పలేరు. అక్కడ క్రమం ఒక్కటే నిజం, కాబట్టి ర్యాంకే సహజం. రెండోది పురుగుమందుల అవశేషాల డేటా. ల్యాబు రిపోర్టులో సగం శాంపిళ్లకు "బీడీఎల్" (పరికరం పట్టుకోగల హద్దు కన్నా తక్కువ) అని వస్తుంది. దాన్ని సున్నా అనాలా, హద్దులో సగం అనాలా అని తన్నుకుంటారు. పరికరం హద్దు అన్ని శాంపిళ్లకూ ఒకటే అయితే, బీడీఎల్ వచ్చినవన్నీ అట్టడుగున సమాన ర్యాంకు పంచుకుంటాయి. ఏ అంకే కల్పించక్కర్లేదు.

ఇంతవరకు బాగుంది. ఇక ర్యాంకులు పెట్టగానే ఏం పోతుందో చూద్దాం.

మొదట పోయేది మీ ప్రశ్నే. టి-టెస్ట్ అడిగేది "సగటులు వేరా?" అని. ర్యాంక్-సమ్ అడిగేది ఇంకోటి: ఎ నుంచి ఒకటి, బి నుంచి ఒకటి యథేచ్ఛగా తీస్తే ఎ పైచేయి అయ్యే అవకాశం సగం కన్నా ఎక్కువా? విల్కాక్సన్ డేటాలో ఎ-బి జతలు మొత్తం 64. సమానమైన వాటిని చెరి సగం పంచితే ఎ గెలిచినవి 55. అంటే 86 శాతం. నా దృష్టిలో పి-వాల్యూ కన్నా ఈ 86 శాతమే రాయదగ్గ ఫలితం. రైతుకు చెప్పినా అర్థమవుతుంది.

చాలా థీసిస్‌లలో మాత్రం దీన్ని "మీడియన్ల తేడా" (మీడియన్ అంటే వరుసలో పెడితే మధ్యన వచ్చే విలువ) అని రాస్తారు. అది అన్నివేళలా నిజం కాదు. మీలాంటి డేటానే తీసుకోండి. ఒక మందు వేసిన 20 ప్లాట్లలో అన్నింటా సున్నా. ఇంకో మందు వేసిన 20 ప్లాట్లలో 12 సున్నాలు, మిగతా ఎనిమిదింటిలో పురుగులున్నాయి, ఎనిమిదీ వేర్వేరు లెక్కలు. రెండింటి మీడియనూ సున్నాయే. కానీ ర్యాంక్ టెస్ట్ పి-వాల్యూ సుమారు 0.002. "మీడియన్లు వేరు" అని రాస్తే పక్కనే ఉన్న టేబుల్లో 0, 0 అని కనిపిస్తుంది. ఎగ్జామినర్ అక్కడే వేలు పెడతారు. రెండు గ్రూపుల ఆకారమూ ఒకేలా ఉండి, ఒకటి పక్కకు జరిగినట్టుగా ఉంటేనే మీడియన్ మాట చెల్లుతుంది.

రెండోది, పరిమాణం పోతుంది. 99ని పట్టించుకోకపోవడం పైన మనకు లాభమైంది. అదే గుణం ఇంకోచోట నష్టం. ఒక మందు పది ప్లాట్లలో తొమ్మిదింట మిగతా మందుల కన్నా కాస్త మెరుగ్గా పనిచేసి, పదో ప్లాటులో పూర్తిగా విఫలమై పూవుకు ముప్ఫై పురుగులు చేరాయనుకోండి. ర్యాంకులు ఆ మందునే మెచ్చుకుంటాయి. ఆ పదో ప్లాటు ఎవరి పొలమో ఆయనకు ఆ సీజన్ పోయినట్టే. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు వైపు మిరప తోటల మీద విరుచుకుపడ్డప్పుడు పూలు రాలిపోయిన చేలు చూసినవాళ్లెవరూ "చివరి విలువ ఎంతైనా ర్యాంకు ఒకటేగా" అనలేరు. మొత్తం నష్టం, ఎకరాకు ఖర్చు, దిగుబడి లాంటివన్నీ కూడికల సంగతులు. వాటికి సగటే కావాలి. విపరీత విలువ కొలత పొరపాటా, లేక అసలు కథే అదా అన్నది ముందు తేల్చుకోండి. పొలం నోట్‌బుక్ తిరగేస్తే చాలాసార్లు తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ అసలు సమస్య, ఇంటరాక్షన్. ఇక్కడ నిదానంగా చదవండి.

మన ఇళ్లలో ర్యాంకు అన్నమాట ఎవరికీ కొత్త కాదు. ఎంసెట్ రాసిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ లెక్క నోటికి వచ్చు: పైన ఒకటి రెండు మార్కులు తగ్గితే కొద్ది స్థానాలు దిగుతాం, మధ్యలో అవే ఒకటి రెండు మార్కులు తగ్గితే వేల ర్యాంకులు ఎగిరిపోతాయి. ఎందుకంటే మధ్యలో జనం కిక్కిరిసి ఉంటారు. అంటే ర్యాంకు తేడా మీ మార్కుల మీద ఒక్కదాని మీదే ఆధారపడదు, మీ చుట్టూ ఎంతమంది ఉన్నారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

దీన్ని మీ ప్లాట్లకు పెట్టి చూడండి. అర్థం కావడానికి ఊహించి రాస్తున్న అంకెలివి. మూడు రకాలు, మందు కొట్టక ముందు, కొట్టాక:

మొదటి రకం: 60 నుంచి 50కి
రెండో రకం: 20 నుంచి 10కి
మూడో రకం: 18 నుంచి 8కి

మూడింట్లోనూ మందు సరిగ్గా పదేసి పురుగులు తగ్గించింది. తేడాల లెక్కన ఇంటరాక్షన్ లేనేలేదు. ఇప్పుడు ఆరు అంకెలకూ ర్యాంకులు వేయండి: 8కి 1, 10కి 2, 18కి 3, 20కి 4, 50కి 5, 60కి 6. మొదటి రకం 6 నుంచి 5కి దిగింది, తేడా 1. రెండోది 4 నుంచి 2కి, తేడా 2. మూడోది 3 నుంచి 1కి, తేడా 2. పది, పది, పది కాస్తా ఒకటి, రెండు, రెండు అయ్యాయి. "మొదటి రకం మీద మందు సరిగా పనిచేయలేదు" అని మీ అనోవా టేబుల్ చెప్తుంది, మీరు డిస్కషన్‌లో దానికి కారణాలు వెతుకుతారు. ఆకు మందమా, పూల కాలమా అని. లేనిదానికి కారణం రాస్తారు. అసలు కారణం కింద రెండు రకాలు ఒకదానిమీద ఒకటి పడి కిక్కిరిసి ఉండటం, అంతే. దీనికి తలకిందుగా కూడా జరుగుతుంది, నిజంగా ఉన్న ఇంటరాక్షన్ ర్యాంకుల్లో మాయమవుతుంది.

విలువల స్థానంలో ర్యాంకులు పెట్టి మామూలు అనోవా చేసే ఉపాయాన్ని కొనోవర్, ఇమాన్ 1981లో ప్రచారంలోకి తెచ్చారు. ఒకే ఫ్యాక్టర్ (మందు ఒక్కటే లేదా రకం ఒక్కటే) ఉన్నప్పుడు అది దాదాపు క్రస్కల్-వాలిస్ టెస్ట్‌తో (చాలా గ్రూపులను పోల్చే ర్యాంక్ టెస్ట్) సమానమే, ఇబ్బంది లేదు. మీ సీనియర్ మాట అక్కడి నుంచి పాకి వచ్చిందే. కానీ రెండు ఫ్యాక్టర్లు, ఇంటరాక్షన్ ఉన్న డిజైన్లలో ఇది దారి తప్పుతుందని 1980లు పూర్తయ్యేలోపే సిములేషన్లతో తేలిపోయింది. దాన్ని సరిదిద్దడానికి, చూడాలనుకున్న ప్రభావం తప్ప మిగతావన్నీ ముందు తీసేసి తర్వాత ర్యాంకులు వేసే "అలైన్డ్ ర్యాంక్" పద్ధతి వచ్చింది. 2011 నుంచి దానికి సాఫ్ట్‌వేర్ కూడా దొరుకుతోంది. సున్నాలు గుట్టలుగా ఉన్న మీ డేటాకు దాన్ని నేను సిఫారసు చేయను. మిగతా ప్రభావాలు తీసేశాక, సమానంగా ఉన్న సున్నాలు వేర్వేరు చిల్లర అంకెలుగా విడిపోయి, లేని క్రమం ఉన్నట్టు కనిపిస్తుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంటరాక్షన్ అనేది మీరు ఎంచుకున్న కొలబద్దను బట్టి ఉంటుంది, ర్యాంకులది ఒక్కదానిదే తప్పు కాదు. ఒక రకంలో 40 నుంచి 20కి, ఇంకోదాంట్లో 10 నుంచి 5కి తగ్గిందనుకోండి. తేడాల్లో చూస్తే 20, 5, కాబట్టి ఇంటరాక్షన్ ఉంది. నిష్పత్తిలో చూస్తే రెండూ సగానికి తగ్గాయి, ఇంటరాక్షన్ లేదు. పురుగుమందుల విషయంలో "ఎంత శాతం తగ్గించింది" అనే ప్రశ్నే అర్థవంతం కాబట్టి నిష్పత్తి కొలబద్ద ఎంచుకోవడానికి మీ దగ్గర కారణం ఉంది. ఆ కారణం థీసిస్‌లో ఒక వాక్యం రాయండి. ర్యాంకుల కొలబద్దకు అలాంటి కారణం చెప్పగలరా? పక్క ప్లాట్లు ఎన్ని మధ్యలో ఉన్నాయో అన్నదాన్ని బట్టి మారే కొలబద్ద అది.

తర్వాతిది మీరు అడగలేదు, కానీ నాకు అన్నింటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే. ప్లాటుకు పది మొక్కలు, మొక్కకు ఐదు పూలు, అంటే ప్లాటుకు 50 లెక్కలు, మొత్తం 1,800 వరుసలు. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ర్యాంకులు 1 నుంచి 1,800 వరకు ఉన్నాయి. మందు కొట్టింది ప్లాటుకు, పూవుకు కాదు. ఒకే మొక్క పూలు ఒకదానితో ఒకటి పోలి ఉంటాయి, ఒకే ప్లాటు మొక్కలు కూడా అంతే. "నాన్-పారామెట్రిక్ కాబట్టి ఏ షరతులూ లేవు" అనుకుంటారు. పరిశీలనలు ఒకదానిపై ఒకటి ఆధారపడకూడదు అన్న షరతు ర్యాంక్ టెస్టులకూ అలాగే ఉంది. కొన్నేళ్ల కిందట ఒక వైవాకు హాజరయ్యాను. ఆ అమ్మాయి ట్రీట్‌మెంట్‌కు 150 లెక్కలు పెట్టి, ప్రతి జంటకూ 0.001 కన్నా తక్కువ పి-వాల్యూ తెచ్చింది. ఎక్స్‌టర్నల్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఒక్కో మందు ఎన్ని ప్లాట్లలో కొట్టావమ్మా?" మూడు, అంది. తర్వాత ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పొలంలో ఆరు నెలలు ఎండలో నిలబడి చేసిన పని అది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

అలాగని ఒక్కో రకాన్ని విడిగా తీసి, మూడు ప్లాట్ల మందును మూడు ప్లాట్ల కంట్రోల్‌తో మాన్-విట్నీ (ర్యాంక్-సమ్‌కే ఇంకో పేరు) చేస్తే ఇంకో గోతిలో పడతారు. ఆరు ప్లాట్లను మూడు, మూడుగా విడగొట్టే దారులు 20. అన్నిటికన్నా స్పష్టమైన ఫలితం వచ్చినా, అంటే కంట్రోల్ ప్లాట్లు మూడూ పైన, మందు ప్లాట్లు మూడూ కింద ఉన్నా, టూ-టెయిల్డ్ (తేడా ఎటువైపైనా లెక్కించే) పి-వాల్యూ 20లో 2, అంటే 0.1. అంతకన్నా తగ్గడం అసాధ్యం. పురుగులు వంద నుంచి సున్నాకి పడినా సరే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇక్కడ సుమారు లెక్క వేసి 0.0495 చూపిస్తాయి, 0.05 కన్నా తక్కువే కదా అని పిల్లలు సంతోషంగా "సిగ్నిఫికెంట్" అని రాసేస్తారు. ఆ పక్కనే "ఎగ్జాక్ట్" అని ఇంకో గడి ఉంటుంది, అందులో 0.1 ఉంటుంది. నాలుగు, నాలుగు ఉంటే 70 దారులు, కనిష్ఠం 0.029. జతలుగా చేసే సైన్డ్ ర్యాంక్‌కైతే కనీసం ఆరు జతలు కావాలి. ఐదు జతలకు కనిష్ఠం 0.0625. ట్రయల్ వేయకముందే ఈ లెక్క చూసుకోవాలి. పంట తీశాక చూసి లాభం లేదు. మీ అదృష్టం ఏమిటంటే మీది ఫ్యాక్టోరియల్, అంటే ప్రతి రకంలోనూ ప్రతి మందూ ఉన్న డిజైన్. మూడు రకాల మీద కలిపి చూస్తే ఒక్కో మందుకు తొమ్మిది ప్లాట్లున్నాయి.

ఇక ఏం చేయాలో చెప్తాను.

మొదట 1,800 వరుసలను 36గా కుదించండి. ప్లాటుకు 50 పూలలో మొత్తం పురుగులు, అదొక్కటే అంకె. కుదించగానే సున్నాల బెడద సగం పోతుంది, మీరే చూస్తారు. నార్మాలిటీ టెస్టు మీరు ముడి లెక్కల మీద చేశారు. చూడాల్సింది మోడల్ వేశాక మిగిలే రెసిడ్యువల్స్‌ను (అసలు విలువకూ మోడల్ అంచనాకూ మధ్య తేడాలను). కంట్రోల్ ప్లాట్లూ మందు ప్లాట్లూ కలిపి చూస్తే ఏ డేటా అయినా వంకరగానే కనిపిస్తుంది.

తర్వాత నెగటివ్ బైనామియల్ మోడల్. పురుగులు పూలలో ఇష్టం వచ్చినట్టు సమంగా పరుచుకోవు, గుంపులుగా చేరతాయి, అందుకే వేరియన్స్ సగటు కన్నా బాగా ఎక్కువ ఉంటుంది. ఆ గుంపుదనాన్ని లెక్కలోకి తీసుకోవడానికే ఈ మోడల్. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో మాస్ ప్యాకేజీలో సిద్ధంగా ఉంది. బ్లాకు, రకం, మందు, రకం-మందు ఇంటరాక్షన్ పెట్టండి. ఫలితం నిష్పత్తిలో వస్తుంది: "కంట్రోల్‌తో పోలిస్తే ఈ మందు పురుగుల్ని ఇన్నో వంతుకు తగ్గించింది, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఇంత నుంచి ఇంత" అని రాయొచ్చు. ఒక ట్రీట్‌మెంట్‌లో మూడు ప్లాట్లూ సున్నా అయితే మోడల్ మొరాయిస్తుంది, అంచనాలు అసంబద్ధంగా వస్తాయి. అది జరిగితే ఇక్కడ రాయండి, దానికి విడిగా ఉపాయాలున్నాయి.

గైడ్ గారి వర్గమూలం పద్ధతిని కూడా పక్కన చేసి పెట్టండి. 36 ప్లాట్ల మొత్తాల మీద చేస్తే అది చాలావరకు సవ్యంగానే ఉంటుంది, మన వ్యవసాయ థీసిస్‌ల టేబుళ్లలో దశాబ్దాలుగా ఉన్నది అదే. రెండూ ఒకే మాట చెప్తే మీకూ ధైర్యం, గైడ్ గారికీ తృప్తి. ఆయనతో వాదన పెట్టుకోకుండా రెండు టేబుళ్లూ తీసుకెళ్లి చూపించండి.

ర్యాంకుల పద్ధతి కూడా తప్పక కావాలంటే మీ డిజైన్‌కు సరిపోయేది ఫ్రీడ్‌మన్ టెస్ట్. మిల్టన్ ఫ్రీడ్‌మన్, తర్వాత 1976లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నాయన, 1937లో పాతికేళ్ల వయసులో రాసిన పద్ధతి ఇది. ర్యాంకులు మొత్తం పొలానికి కలిపి కాక, ఒక్కో బ్లాకులో విడివిడిగా వేస్తాం. కాలువ పక్కన బ్లాకులో పురుగులు ఎక్కువ, గట్టు పక్కన తక్కువ లాంటి తేడాలు అలా వాటంతటవే పోతాయి. మీ 12 కాంబినేషన్లు బ్లాకుకు 1 నుంచి 12 ర్యాంకులు తీసుకుంటాయి. "ఈ పన్నెండూ ఒకటేనా, కాదా" అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు వస్తుంది. ఇంటరాక్షన్ మాత్రం అడగొద్దు. ర్యాంకు సగటుల మీద డీఎంఆర్‌టీ అక్షరాలు (డంకన్ పద్ధతిలో సగటుల పక్కన పెట్టే ఎ, బి, సి గుర్తులు) కూడా పెట్టొద్దు, ఆ పద్ధతి వీటి కోసం తయారైంది కాదు. టేబుల్‌లో ఎప్పుడూ అసలు పురుగుల లెక్కలే ఉండాలి. "సగటు ర్యాంకు 7.3" అని రాస్తే చదివినవాడు ఏ మందు కొనాలో తేల్చుకోలేడు.

ర్యాంక్ టెస్టుతో పాటు తేడా ఎంతో కూడా చెప్పాలంటే హాడ్జెస్-లేమన్ అంచనా ఉంది. విల్కాక్సన్ ఈగల డేటాలో 64 జతల తేడాలన్నీ వరుసలో పెట్టి మధ్యది తీస్తే 6.5 వస్తుంది, సగటుల తేడా 6. ఆ 74ను 99 చేసినా 6.5 కదలదు. ఓపిక ఉంటే చేసి చూడండి.

చివర్లో మీరు అడిగిన చిన్న ప్రశ్న: పురుగుల సంఖ్యకూ దిగుబడికీ పియర్‌సన్ బదులు స్పియర్‌మన్ కోరిలేషన్ (రెండు కొలతలు కలిసి ఎలా మారతాయో చూపే అంకె) చేయొచ్చా? చేయొచ్చు. చార్లెస్ స్పియర్‌మన్ 1904లో ఇచ్చిన పద్ధతి అది. విలువలకు ర్యాంకులు వేసి పియర్‌సన్ చేసినట్టే. పురుగులు పెరిగేకొద్దీ దిగుబడి తగ్గుతూ పోతే, ఆ తగ్గడం గీతలా తిన్నగా లేకపోయినా పట్టుకుంటుంది. పెరిగి మళ్లీ తగ్గే సంబంధాన్ని మాత్రం పట్టుకోలేదు. ఉష్ణోగ్రతకూ పురుగులకూ మధ్య సంబంధం చాలాసార్లు అలాగే ఉంటుంది, కాబట్టి ముందు గ్రాఫ్ గీయండి. ఇంకోటి, "పూవుకు ఒక పురుగు పెరిగితే ఎకరాకు ఎన్ని కిలోలు పోతాయి" అన్నది మీ గైడ్ గారు అడగబోయే ప్రశ్న అయితే, కోరిలేషన్ ఏదైనా దానికి జవాబివ్వదు. అక్కడ రిగ్రెషన్ స్లోప్ కావాలి, అసలు విలువలతో.

36 వరుసల ఫైలు తయారుచేయండి: బ్లాకు, రకం, మందు, ప్లాటు మొత్తం, ఈ నాలుగు కాలమ్‌లు చాలు. ఏ ప్లాటులోనైనా మొక్కలు చచ్చిపోయి 50 పూలు దొరక్కపోతే ఎన్ని పూలు చూశారో ఐదో కాలమ్‌లో పెట్టండి, మోడల్‌లో దాన్ని సర్దుబాటు చేయొచ్చు. ఇక్కడే పోస్ట్ చేస్తే మోడల్ ఎలా వచ్చిందో కలిసి చూద్దాం.